ఖమ్మం నుంచి డాలస్‌కి 37 గంటల 20 నిమిషాలు: నా అనుభవం

మా అమ్మాయి ఉండేది డాలస్‌లో. నెల తప్పిందని, 2023 డిసెంబరు మొదటి వారంలో పురుడని ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ కళ్ళు తుడుచుకుని అడిగిన మొదటి మాట: "ఏమండీ, డాలస్ ఎంత దూరం?"

ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పినవాణ్ణి. ప్రపంచ పటం కళ్ళు మూసుకుని గీయగలను. అయినా ఆ ప్రశ్నకి వెంటనే జవాబు రాలేదు. ఎందుకంటే ఆమె అడిగింది కిలోమీటర్లు కాదు. మా ఆవిడకి పదకొండేళ్ళుగా షుగరు. రోజూ రాత్రి 9 గంటలకి ఇన్సులిన్ వేసుకుంటుంది. మోకాళ్ళ నొప్పి ఉంది. అంతకుముందు మేమిద్దరం విమానం ఎక్కింది ఒక్కసారే, హైదరాబాద్ నుంచి వారణాసికి. ఎన్ని గంటలు కూర్చోవాలి, ఎప్పుడు తినాలి, ఎప్పుడు ఇంజెక్షన్ వేసుకోవాలి, ఇవన్నీ కలిపి ఆమె 'ఎంత దూరం' అని అడిగింది. ఆ ప్రశ్నకి సరైన జవాబు దొరకడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మాలాగే మొదటిసారి బయల్దేరే తల్లిదండ్రులకి పనికొస్తుందని, అంకెలతో సహా రాస్తున్నాను.

ముందు ఫోన్‌లో వెతికాను. హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఆకాశమార్గాన 14,400 కిలోమీటర్లు, ప్రయాణం 17 గంటలు అని వచ్చింది. నాకు నమ్మకం కుదరలేదు. బడిలో పాతదైపోయిందని పక్కన పెడితే అడిగి తెచ్చుకున్న గ్లోబు ఒకటి ఇంట్లో ఉంది. అడ్డకొలత 30 సెంటీమీటర్లు. దాని నడుము చుట్టూ దారం చుడితే 94 సెంటీమీటర్లు వస్తుంది. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్ల పైచిలుకు. అంటే గ్లోబు మీద ఒక సెంటీమీటరు అసలు భూమి మీద 425 కిలోమీటర్లు. మా ఆవిడ కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం తీసి ఒక కొస హైదరాబాద్ మీద తను నొక్కి పట్టుకుంది. రెండో కొస నేను డాలస్ దాకా లాగి బిగించాను. దారం పడమటికి పోలేదు. నేరుగా పైకి వెళ్ళింది. కజకిస్తాన్, సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువం పక్కనుంచి, దానికి ఓ సెంటీమీటరు కాస్త పైన ఎడంలో దాటి, అవతలి వైపు కెనడా మీదుగా కిందికి దిగింది. కొలిస్తే 34 సెంటీమీటర్లు. గుణిస్తే 14,450. ఫోన్ చెప్పిన దూరం నిజమే.

ముప్ఫై ఏళ్ళు గోడపటం చూపిస్తూ 'అమెరికా మనకు పడమర' అని చెప్పినవాణ్ణి, ఆ ఎర్రదారం ధ్రువం పక్కనుంచి పోవడం చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. కారణం చాలా సరళం. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటి కొంచెం అవతల ఉంది, డాలస్ 97 డిగ్రీల పశ్చిమం. రెండూ కలిపితే దాదాపు 175. అంటే భూగోళానికి ఇంచుమించు ఎదురెదురు వైపులు. ఎదురెదురు రేఖాంశాల మీదున్న రెండు ఊళ్ళ మధ్య దగ్గరిదారి ధ్రువం పక్కనుంచే పోవాలి. గోడకి వేలాడే పటం గుండ్రటి భూమిని సాపు చేసి చూపిస్తుంది కాబట్టి ఈ సంగతి అందులో కనబడదు. పిల్లలకి భూగోళం చెప్పే మాస్టార్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఒక దారం ముక్క తీసుకుని ఈ పని క్లాసులో చేయించండి. నేను చేయించలేదు. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది.

దూరం సరే, మరి ఆ 17 గంటలు? అక్కడే అందరూ పొరబడతారు. ఆ దూరాన్ని విమాన వేగంతో, గంటకి 850 కిలోమీటర్ల లెక్కన, భాగించి పెట్టిన అంకె అది. ఆ దారిలో ఎగిరే విమానం అసలు లేదు. హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా సర్వీసు లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా విమానం వేసింది, కొన్నాళ్ళకి ఆగిపోయింది. అదే నెలలో కెప్టెన్ జోయా అగర్వాల్, అందరూ ఆడవాళ్ళే ఉన్న పైలట్ల బృందంతో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడిపి తెచ్చారు. ఆ వార్త అప్పుడు పేపర్లో చదివి సంతోషపడ్డాను. దాని అర్థం మాత్రం ఈ దారం పట్టుకున్నాకే బాగా తెలిసింది.

మనలాంటి వాళ్ళకి దారి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో. మేం దోహా ఎంచుకున్నాం. మళ్ళీ దారం పెట్టాను. హైదరాబాద్ నుంచి దోహా 7 సెంటీమీటర్లకి కాస్త తక్కువ, అంటే దాదాపు 2,900 కిలోమీటర్లు. దోహా నుంచి డాలస్ 30 సెంటీమీటర్లు, 12,750 కిలోమీటర్ల దాకా. మొత్తం 15,650. దగ్గరిదారి కంటే 1,200 కిలోమీటర్లు ఎక్కువ. అంత దూరంలో ఇది పెద్ద తేడా కాదు. సమయాన్ని తినేది మధ్యలో దిగడం.

టికెట్ దగ్గర జరిగింది చెప్పాలి. మా ఊళ్ళో ఒక ఏజెంటు ముందు చూపించిన టికెట్‌లో మధ్యలో విమానం మారడానికి గంటా పదిహేను నిమిషాలు. "సరిపోతుంది సార్, అందరూ వెళ్తున్నారు" అన్నాడు. మోకాళ్ళు నొప్పి ఉన్న మనిషి, కొత్త ఊరు, అమెరికా విమానానికి గేటు దగ్గర మళ్ళీ తనిఖీ, గేటు ముందే మూసేస్తారు. నేను ఒప్పుకోలేదు. మరింత చవగ్గా రెండుచోట్ల దిగి వెళ్ళే 33 గంటల టికెట్ కూడా ఉందన్నాడు. అదీ వద్దన్నాను. రెండున్నర గంటల విరామం ఉన్నదానికి కొంత ఎక్కువ పెట్టి తీసుకున్నాను. ఆ డబ్బు నేను చేసిన ఖర్చులన్నిట్లోకీ సార్థకమైంది, ఎందుకో తర్వాత చెప్తాను.

టికెట్ మీద ఇలా ఉంది: హైదరాబాద్‌లో గురువారం నవంబరు 9 తెల్లవారుజామున 3:50కి బయల్దేరడం, డాలస్‌లో అదే గురువారం మధ్యాహ్నం 3:40కి దిగడం. మా బావమరిది చూసి, "ఏంటి బావా, పన్నెండు గంటలేగా!" అన్నాడు. అలా అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాడికి కూర్చోబెట్టి చెప్పిన లెక్కే ఇక్కడా చెప్తాను.

భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశ కాలానికి ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం, మన కాకినాడ దగ్గర్నుంచి పోయేది. డాలస్ గడియారానికి ఆధారం 90 డిగ్రీల పశ్చిమం. రెండూ కలిపితే 172½. నాలుగుతో గుణిస్తే 690 నిమిషాలు, అంటే 11 గంటల 30 నిమిషాలు. డాలస్ మనకంటే అంత వెనక. గడియారంలో కనిపించే 11 గంటల 50 నిమిషాలకి ఈ 11½ కలపాలి. అసలు ప్రయాణం 23 గంటల 20 నిమిషాలు. పదో తరగతి పిల్లలకి ఏటా వేయించిన లెక్క. నా జీవితంలోకి మాత్రం అప్పుడే వచ్చింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి. వేసవిలో తేడా పదిన్నర గంటలే. మేం జులైలో టికెట్ కొన్నప్పుడు అమ్మాయితో మాట్లాడే వేళలు పదిన్నర లెక్కలో ఉండేవి. నవంబరు 5న అవి పదకొండున్నర అయ్యాయి. నాలుగు రోజుల తర్వాత మా ప్రయాణం. ఈ సంగతి తెలియకుండా మందుల వేళలు వేసుకుంటే గంట తేడా వచ్చేది.

మరో హెచ్చరిక, ఇది చిన్నదిగా కనిపించినా చాలా పెద్దది. '9వ తేదీ తెల్లవారుజామున 3:50' అంటే 8వ తేదీ రాత్రికే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 9వ తేదీ రాత్రి సామాన్లతో వెళ్ళి విమానం నిన్ననే పోయిందని తెలుసుకున్న వాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. క్యాలెండర్లో 8వ తేదీ గడిలో ఎర్ర ఇంకుతో రాసి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, ఇన్సులిన్. మా ఊళ్ళో షుగరు డాక్టరు మా బడిలో చదివినవాడే. టికెట్ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. అతను రెండు నిమిషాలు దాన్ని చూసి, ఒక తెల్లకాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, ఒక కొసన 'బుధవారం రాత్రి 9', మధ్యలో 'గురువారం రాత్రి 9', చివర 'శుక్రవారం రాత్రి 9' అని రాశాడు. "సార్, అమ్మ చేతి గడియారం అసలు మార్చకండి. ఎక్కడున్నా, బయట పగలైనా రాత్రైనా, ఆ గడియారంలో రాత్రి 9 అయినప్పుడే ఇంజెక్షన్. ఒంటికి డాలస్ తెలియదు, దోహా తెలియదు. పోయిన మోతాదు తర్వాత 24 గంటలయ్యాయా లేదా అన్నదే దానికి తెలుసు" అన్నాడు. డాలస్ చేరాక కూడా అదే సాగించమన్నాడు. మన రాత్రి 9 అంటే అక్కడ పొద్దున 9:30. అక్కడున్నన్నాళ్ళూ పొద్దున తొమ్మిదిన్నరకి వేసుకుంటే సరిపోతుంది, మార్చే పనే లేదు. రోజుకోసారి వేసుకునే రకం ఇన్సులిన్ కాబట్టి ఇలా కుదిరింది. భోజనానికి ముందు వేసుకునేవాళ్ళ లెక్క వేరేగా ఉంటుందని కూడా చెప్పాడు. అందుకని ఎవరికి వాళ్ళు టికెట్ పట్టుకుని తమ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మాత్రల సంగతి అడిగితే, "తింటేనే మాత్ర, తినకపోతే వద్దు" అన్నాడు. ఇంగ్లీషులో ఒక ఉత్తరం, మందుచీటీ రాసిచ్చాడు. ఇన్సులిన్ పెట్టెలో వేయకూడదు, విమానం కింది అరలో గడ్డకట్టిపోవచ్చు, చేతిసంచిలోనే ఉండాలన్నాడు. చల్లగా ఉంచే చిన్న సంచి ఒకటి కొన్నాం.

బుధవారం సాయంత్రం 5 గంటలకి ఖమ్మంలో ఇంటికి తాళం వేశాం. సూర్యాపేటలో టీ. చౌటుప్పల్ దాటాక ఒకచోట ఆగి, తెచ్చుకున్న జొన్నరొట్టె, బీరకాయ కూర తిన్నాం. సరిగ్గా 9కి కారులో లైటు వేయించి, మా ఆవిడ మొదటి ఇంజెక్షన్ వేసుకుంది. 10:15కి శంషాబాద్. ఇంట్లోంచి బయల్దేరి అప్పటికే అయిదుంబావు గంటలు, ఇంకా విమానం మొహం చూడలేదు. వీల్‌చైర్ ముందే రాయించాను కాబట్టి లోపల నడిచే బాధ లేదు. ఒకొక్కరికి 23 కిలోలవి రెండేసి పెట్టెలు. ఆవకాయ, కారప్పొడి, బాలింతకి కాయం. పెట్టెల చీటీ మీద డాలస్ అని ఉందో లేదో నేను చదివి చూసుకున్నాను. ఉంటే దోహాలో వాటిని దించుకునే పని ఉండదు.

మొదటి విమానం 35 నిమిషాలు ఆలస్యంగా కదిలింది. దోహాలో 5:40కి దిగాల్సింది 6:15 అయింది. దిగాక బస్సు, తర్వాత భద్రతా తనిఖీ మళ్ళీ మొదటి నుంచి. ఇన్సులిన్ సంచి తీసి డాక్టరు ఉత్తరం చూపిస్తే ఏమీ అనలేదు. అమెరికా విమానం 8:10కి, గేటు దగ్గర అదనపు తనిఖీ 7 దాటగానే మొదలైంది. మా చేతిలో ఉందనుకున్న రెండున్నర గంటల్లో మేం ఊరికే కూర్చున్నది పదిహేను నిమిషాలు. ఆ ఏజెంటు చెప్పిన గంటంబావు టికెట్ కొని ఉంటే ఆ రోజు దోహాలోనే ఉండిపోయేవాళ్ళం, ఇన్సులిన్ సంచితో సహా. పెద్దవాళ్ళకి టికెట్ కొనే పిల్లలు ఈ ఒక్క విషయంలో డబ్బు చూసుకోవద్దు. రెండున్నర గంటలకి తక్కువ కొనకండి.

రెండో విమానం 16 గంటల 30 నిమిషాలు. రాసేటప్పుడు ఒక్క వాక్యం, కూర్చుంటే మాత్రం అంతే ఉండదు. కిటికీ సీటు ఎడమవైపు మా ఆవిడది, పక్కన నేను. ఎదురుగా తెరమీద పటం పెట్టుకున్నాను. దోహా నుంచి ఇరాక్ వైపు, టర్కీ మీదుగా, తర్వాత యూరప్. ఉక్రెయిన్ మీదికి వెళ్ళకుండా విమానం పక్కకి తప్పుకుని పోవడం తెరమీద స్పష్టంగా కనిపించింది. 2022 ఫిబ్రవరి నుంచి అక్కడి ఆకాశం పౌర విమానాలకి మూసేశారు. గ్లోబు మీద దోహా నుంచి నేను పెట్టిన దారం ఆ దేశం మీదుగానే పోయింది. దారానికి యుద్ధం తెలియదు. కింద ఆ నేల మీద ఉన్న మనుషులు గుర్తొచ్చి కాసేపు మనసు భారమైంది.

ప్రతి రెండు గంటలకి ఆమెని లేపి నడవలో వెనక దాకా నడిపించాను. కాళ్ళకి బిగుతు మేజోళ్ళు వేయించాం, డాక్టరు చెప్పాడు. కూర్చున్నప్పుడు కూడా మడమలు పైకీ కిందికీ ఆడించడం. లోపలి గాలి చాలా పొడిగా ఉంటుంది, దాహం వేయకపోయినా నీళ్ళు తాగాలి. మరుగుదొడ్డికి లేవాల్సి వస్తుందని మన పెద్దవాళ్ళు నీళ్ళు మానేస్తారు. అది తప్పు. షుగరు ఉన్నవాళ్ళకి వేరే భోజనం ముందే చెప్పి పెట్టుకోవచ్చు, కనీసం ఒకరోజు ముందు చెప్పాలి. మా అమ్మాయి చెప్పి పెట్టింది. ఆ భోజనం మిగతావాళ్ళ కంటే ముందే తెచ్చి ఇచ్చారు. చప్పగా ఉంది. కారప్పొడి పొట్లం మా దగ్గరుంది.

నేను ఎన్నటికీ మర్చిపోని సంగతి ఇక్కడ జరిగింది. మేం బయల్దేరింది దోహాలో పొద్దున. నార్వే దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి నుంచి ఆ మధ్యాహ్నం కదల్లేదు. గంట గడిచినా, రెండు గడిచినా, నాలుగు గడిచినా, మా ఆవిడ కిటికీలో సూర్యుడు అదే ఎత్తున, నేలకి కాస్త పైన, పలచటి నారింజ రంగులో అలాగే ఉన్నాడు. "ఈ సూర్యుడేంటండీ, మనతోనే వస్తున్నాడు" అంది. నిజమే. భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకి 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి తిరుగుతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గరికి వెళ్తే ఆ వేగం సరిగ్గా సగం, 835. మా విమానం అదే అక్షాంశం మీద ఇంచుమించు అదే వేగంతో పడమటికి పోతోంది. భూమి ఎంత తిరిగిందో మేం అంత వెనక్కి పరిగెత్తాం. అందుకే పొద్దు ఆగిపోయింది. ఈ పాఠం పుస్తకంలో ఉంది, నేను చెప్పాను, పిల్లలు పరీక్షలో రాశారు. కళ్ళారా చూడ్డానికి నాకు రిటైరైన తర్వాత గానీ కుదరలేదు.

గ్రీన్‌లాండ్ దక్షిణపు కొస దాటుతుండగా ఆమె చేతి గడియారంలో 9 అయింది. ఖమ్మంలో రాత్రి 9. మా వీధిలో పాల ప్యాకెట్ల కొట్టు షట్టరు దించే వేళ. కిటికీ తెర రెండు వేళ్ళ మందం పైకెత్తితే బయట మిట్టమధ్యాహ్నం, కింద తెల్లటి మంచు కొండల మధ్య నీలంగా సముద్రం. చుట్టూ అందరూ దుప్పట్లు కప్పుకుని నిద్రపోతున్నారు. ఆ సన్నటి వెలుతురులోనే ఆమె వేలికి సూది గుచ్చి చూసుకుంది, 168. పెన్ను మీద యూనిట్లు తిప్పి, రెండుసార్లు నాకు చూపించి, పొట్ట మీద వేసుకుంది. సూది తీసి, నేను ఖాళీ మాత్రల డబ్బా పట్టుకుంటే అందులో వేసింది. గడియారం మార్చకపోవడం వల్ల ఆమెకి ఏ తికమకా లేదు. "ఇంట్లో ఉన్నట్టే ఉంది" అంది.

అక్కడి నుంచి కెనడా మంచు, గడ్డకట్టిన చెరువులు వేలకొద్దీ, తర్వాత చదరపు గళ్ళలా పొలాలు. 3:40కి చక్రాలు నేలని తాకాయి. విమానం గేటుకి చేరడానికే పదిహేను నిమిషాలు నడిచింది. ఆ విమానాశ్రయం విస్తీర్ణం న్యూయార్క్‌లోని మన్‌హాటన్ ద్వీపం కంటే ఎక్కువ. 1974 నుంచి నడుస్తోంది, ఏడు రన్‌వేలు.

మేం చేసిన పొరపాటు ఇక్కడ చెప్పాలి. దిగేముందు పెట్టిన ఆహారం ఆమె సరిగ్గా తినలేదు, 'ఇంటికెళ్ళి అమ్మాయి చేతి వంట తింటాలే' అని. ప్రయాణం అయిపోయిందనే అనుకున్నాం. అవలేదు. మా విమానంలో వీల్‌చైర్లు అడిగినవాళ్ళు చాలామంది, మా వంతు రావడానికి అరగంట. ఆ తర్వాత ఇమిగ్రేషన్ వరస. ఆమె గడియారంలో అప్పుడు తెల్లవారుజాము 4 దాటింది. ఉన్నట్టుండి "చెమటలు పడుతున్నాయండీ" అంది. చేతులు వణుకుతున్నాయి. చూస్తే 66. గ్లూకోజు పొడి డబ్బా నా చేతిసంచిలో అడుగున, బట్టల కింద ఉంది. అది తీయడానికి పట్టిన ఒక్క నిమిషం నాకు పదహారు గంటల విమానం కంటే పొడుగ్గా అనిపించింది. నీళ్ళలో కలిపి తాగించి, బిస్కెట్లు తినిపించాను. పావుగంటకి తేరుకుంది. గ్లూకోజు ఎప్పుడూ జేబులో ఉండాలి, సంచిలో కాదు. చివరి భోజనం వదలకూడదు. నేల మీద దిగడం ప్రయాణం ముగియడం కాదు, ఇంకా కనీసం మూడు గంటలు ఉందనుకోవాలి.

అధికారి అడిగింది రెండే ప్రశ్నలు, ఎందుకు వచ్చారు, ఎన్నాళ్ళుంటారు. వేలిముద్రలు తీసుకుని ఆరు నెలలు ఇచ్చాడు. తినే వస్తువులు ఏమున్నాయో అన్నీ చెప్పాం, పచ్చళ్ళు, పొడులు. విమానంలో ఇచ్చిన అరటిపండు ఒకటి ఆమె సంచిలో ఉండిపోయింది, పండ్లు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ముందే తీసి చెత్తబుట్టలో వేశాం. 5:45కి బయటికి వచ్చేసరికి, నిండు కడుపుతో మా అమ్మాయి రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది. తల్లీకూతుళ్ళు మాట్లాడుకోలేదు. పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఇంటికి చేరేసరికి 6:50. ఖమ్మంలో తాళం వేసిన క్షణం నుంచి లెక్కేస్తే 37 గంటల 20 నిమిషాలు. ఫోన్ చెప్పిన 17కి ఇది రెండింతల పైన. మా ఆవిడ మే నెలలో అడిగిన ప్రశ్నకి ఇదీ జవాబు.

మర్నాడు పొద్దున 9:30కి, ఆమె గడియారంలో రాత్రి 9కి, మూడో ఇంజెక్షన్. అక్కడికి డాక్టరు గీసిన గీత పూర్తయింది. రోజూ ఇండియా టైము కనుక్కోవడానికి అమ్మాయి ఒక కిటుకు నేర్పింది. చలికాలంలో డాలస్ టైములోంచి అరగంట తీసేసి, పగలుని రాత్రి అనుకుంటే అదే మన టైము. 2024 మార్చి 10న అక్కడ గడియారం ముందుకి జరిపాక అరగంట బదులు గంటన్నర తీసేయాలి. ఆ రోజు నుంచి ఇంజెక్షన్ వేళ పొద్దున 10:30కి జరిగింది. అంటే అక్కడి గోడ గడియారంలో జరిగింది, ఆమె చేతి గడియారంలో మాత్రం 9 గంటల దగ్గరే ఉంది.

మనవరాలు పుట్టింది. ఉగాది పచ్చడి దానికి నాలిక మీద చుక్క రాశాం. ఏప్రిల్ 27 శనివారం సాయంత్రం 6:30కి తిరుగు ప్రయాణం. అదే దోహా, అవే 12,750 కిలోమీటర్లు. కానీ 14 గంటల 10 నిమిషాలే పట్టింది. వెళ్ళేటప్పటి కంటే 2 గంటల 20 నిమిషాలు తక్కువ. ఆ ఎత్తున, ముప్ఫై నలభై వేల అడుగుల మీద, పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి నదిలా వీస్తుంటుంది. వెళ్ళేటప్పుడు విమానం దానికి ఎదురీదింది, వచ్చేటప్పుడు అది వెనకనుంచి తోసింది. తెరమీద వేగం గంటకి వెయ్యి కిలోమీటర్లు దాటడం చూశాను. అందుకే పోయేదానికీ వచ్చేదానికీ ఒకటే సమయం అనుకోకూడదు. టికెట్ మీద రెండువైపులా విడివిడిగా చూసుకోవాలి.

వెళ్ళేటప్పుడు మధ్యాహ్నం ఆగిపోయింది కదా, వచ్చేటప్పుడు రాత్రి కురచైపోయింది. చీకటిపడిన కాసేపటికే తెల్లారింది. ఆదివారం దోహాలో కాస్త కనిపించి, మళ్ళీ చీకటైంది. శంషాబాద్‌లో దిగింది సోమవారం తెల్లవారుజామున 1:55కి. అందరూ ఫోన్లు తెరిచి టైము సరిచూసుకుంటున్నారు. నేనూ నా గడియారం ముల్లు తిప్పుకున్నాను. మా ఆవిడ చెయ్యి చాపి తన గడియారం చూపించింది. రెండు అయిదు తక్కువ. ఆరు నెలలుగా అది ఖమ్మంలోనే ఉంది.